గోడ పోయాక మిగిలిన గేటు

మేం పనికి వచ్చిన ఎడారి దేశంలో, నువైద్రాత్ ఊరి దగ్గర, రెండు కంపెనీల పనివాళ్లుండే క్యాంపుల మధ్య ఒక సరిహద్దు గోడ ఉండేది. క్యాంపులు ఎత్తివేశాక దాని రెండు చివరలూ కూల్చి, గేటుతో సహా మిగిలిన నడిమి ముక్క మీద పనివాళ్లచేతనే బొమ్మలు వేయించారు. అవతలి క్యాంపువాళ్లు తన ముఖం కూడా గీశారని, ఇవతల వంటమేస్త్రీగా పనిచేసిన మా బాబాయి విన్నాడు. ఆ సాయంత్రమే ఆయన శాశ్వతంగా ఇంటికి బయలుదేరుతున్నాడు. చూపిద్దామని తీసుకువెళ్లాను.

ఆయన గేటు ముందు ఆగిపోయాడు.

"వాచ్‌మన్ లేడురా. పాసు ఎవరిస్తారు?"

"పది అడుగులు పక్కకు నడిస్తే గోడే లేదు బాబాయి."

"పాసు లేకుండా అటెళ్లినోణ్ణి నా కళ్లముందే ఇంటికి పంపేశారు."

"నువ్వు వెళ్లేదీ ఇంటికే కదా."

"నేను వెళ్లడం వేరు, వాళ్లు పంపడం వేరు."

కాలేజీ వాదోపవాద పోటీల్లో ఇంత బలమైన జవాబు నాకెప్పుడూ ఎదురుకాలేదు. అయినా, గోడతోపాటే దాని నిబంధనా రద్దయిందని సోదాహరణంగా నిరూపించాను. ఆయన ఓపికగా విని, నీడలో కూర్చున్నాడు.

చివరకు నోటుపుస్తకంలో కాగితం చించి, "వంటమేస్త్రీ ఒకరు, బొమ్మ చూచుటకు" అని రాసి, నాకు లేని అధికారంతో సంతకం చేశాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, గేటు తీశాడు. వెనకే నేనూ అడుగు వేయబోయాను.

"నీదేదిరా?"

నాకూ ఒకటి రాసుకున్నాను. అవతల ఆయన ముఖం నిజంగానే ఉంది. చాలాసేపు చూసి, మీసం కాస్త ఎక్కువ పెట్టారన్నాడు.