పింగమ్మా, మామగారి గోడౌనూ

ఆమె అసలు పేరు జీతాల గుమస్తాకు తప్ప ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె పింగమ్మ. టైల్సు అమ్మే కంపెనీలో కంప్యూటర్ల బాగోగులు చూడటం ఆమె ఉద్యోగం. ఎవరొచ్చి ఏం మొరపెట్టుకున్నా కుర్చీ ముందుకు జరుపుకుని, తెర మీద నల్లటి కిటికీ తెరిచి, ‘పింగ్’ అని కొట్టేది. ఇవతలి కంప్యూటరు "ఉన్నావా?" అని అడుగుతుంది, అవతలిది "ఉన్నాను" అంటుంది. జవాబొస్తే దారి బాగున్నట్టు, రాకపోతే ఎక్కడో తెగినట్టు. ఆ ఒక్క మాట మీద కోడలికి ఉన్న నమ్మకం కట్టుకున్నవాడి మీద కూడా లేదని అత్తగారి అభిప్రాయం.

అదే కంపెనీకి ఊరి చివర గోడౌను ఉంది. అక్కడి స్టోరుకీపరు స్వయానా ఆమె మామగారు. ఫిర్యాదులకు ఆయన పెట్టింది పేరు. ఫ్యాను చప్పుడు చేస్తోందని ఒకరోజు ఫోను చేస్తారు. బాగుచేయిస్తే, చప్పుడు లేకపోతే అది తిరుగుతోందో లేదో తెలియడం లేదని మర్నాడు ఫోను చేస్తారు. అందుకే ఆయన గొంతు వినగానే ఆఫీసులో ఎవరైనా సరే రిసీవరు బల్ల మీద పెట్టి, చేతిలో పని చేసుకుంటూ మధ్యమధ్యలో "ఊఁ" కొట్టేవారు.

ఆఫీసు నుంచి గోడౌనుకు వెళ్లే సమాచారం బయటివాళ్ల కంట పడకూడదని పింగమ్మ ఈమధ్యే కొత్త ఏర్పాటు చేసింది. రెండుచోట్ల మధ్యా తాళం వేసిన సొరంగం లాంటి దారి అది. మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఇంకా చెవుల్లో ఉండగానే మామగారి ఫోను వచ్చింది.

"అమ్మాయ్, నీ లైను పాడైంది. లోడింగు చీటీలు రావట్లేదు."

పింగమ్మ నల్ల కిటికీ తెరిచింది. జవాబులు టకటకా వచ్చాయి. దారిలో ఏయే మజిలీలు దాటుతోందో చూపించే ఆజ్ఞ కూడా కొట్టింది. ఎక్కడా ఆగలేదు.

"లైను శుభ్రంగా ఉంది మామయ్యా."

"శుభ్రంగానే ఉంది, నా తెర కూడా అంతే శుభ్రంగా ఉంది. ఒక్క అక్షరం లేదు!"

"ఒకసారి ఆపి, మళ్లీ వేయండి."

"ఆపీ వేసీ నా వేలు అరిగిపోయింది. చిన్న చీటీలు వస్తున్నాయి, పెద్దవి రావట్లేదు. అర్థమైందా?"

"ఊఁ," అంది పింగమ్మ.

ఆ రాత్రి భోజనాల దగ్గర మామగారు ఆమె వైపు చూడకుండా భార్యతో అన్నారు. "నీ కోడలికి చెప్పు, లైను పాడైందని."

"పింగ్ వెళ్తోందని చెప్పండత్తయ్యా."

"పింగ్ నెత్తిన పెట్టుకుని ఊరేగమను."

పింగమ్మ భర్త కంచంలో తల దూర్చి, అన్నం తప్ప ప్రపంచంలో మరేదీ లేనట్టు తినసాగాడు. అత్తగారు మాత్రం చేతిలోని గరిటె కింద పెట్టేసింది. "ఇద్దరూ ఎదురెదురుగానే ఉన్నారుగా! మధ్యలో నన్నెందుకు తీగలా లాగుతారు?"

వ్యవహారం అక్కడితో ఆగేదే, సినిమా హాలు యజమాని రాకపోయుంటే. ఆయన హాలు కోసం పెద్ద ఆర్డరిచ్చాడు. దాని చీటీ గోడౌనులో తెరుచుకోలేదు. లారీ గుమ్మంలో నిలబడి ఉంది. చేసేది లేక మామగారు ఫోనులో చెప్పించుకుని సరుకు ఎక్కించారు. ఇటు చెప్పిన గుమస్తాది నసుగుడు గొంతు, అటు వింటున్న ఆయన పక్కన లారీ ఇంజను. మర్నాడు సినిమా హాలాయన చంకలో ఒక టైలు పెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. గులాబీరంగు టైలు, మధ్యలో నవ్వుతున్న చేప.

"నేనడిగింది నల్లరాతి రంగు. మీరు పంపింది స్నానాలగదికి వేసేది!"

మేనేజరు పింగమ్మను పిలిచాడు. "గోడౌనుకు వెళ్లండి. మీదో మీ మామగారిదో, ఎవరిది తప్పో తేలాకే రండి."

ఆమె లాప్‌టాపు పట్టుకుని వెళ్లింది. మామగారు ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీ చూపించారు. "కూర్చో. దీని మీద కూడా ఫిర్యాదు చేశాను, ఎవడూ పట్టించుకోలేదు."

ఊగుతూనే ఆమె పింగ్ కొట్టింది. జవాబులు వరసకట్టి వచ్చాయి. "చూశారా మామయ్యా? ఉన్నావా అంటే ఉన్నానంటోంది."

"ఆ మాత్రం మా వాడు కూడా అంటాడు. సంచి చేతికిచ్చి బజారుకు పంపి చూడు, అప్పుడు తెలుస్తుంది!"

భర్త సంగతి కాబట్టి పింగమ్మకు నవ్వొచ్చింది. మామగారు ఒక చిన్న షాపు చీటీ తెరిచారు, వచ్చింది. ఆపైన సినిమా హాలు చీటీ నొక్కారు. తెర తెల్లబోయి అలాగే ఉండిపోయింది.

"చిన్నదేదో పెద్దదేదో లైనుకేం తెలుసు మామ..."

మాట మధ్యలో ఆగింది. తను పంపే పింగ్ ఎంత? గుప్పెడు. అది ఏ సందులోంచైనా దూరిపోతుంది. ఈసారి పరిమాణం పెంచి, ముక్కలు చేయకుండా పంపమని రాసి కొట్టింది. జవాబు లేదు. కొంచెం తగ్గించింది. లేదు. ఇంకాస్త తగ్గించింది. వచ్చింది!

తన సొరంగం గుండా వెళ్లే ప్రతి సమాచారపు మూటకూ పైన ఇంకో తొడుగు పడుతోంది. పెద్ద చీటీ తెచ్చే నిండు మూట తొడుగుతో కలిపితే దారికి పట్టడం లేదు, మధ్యలో ఎక్కడో చప్పుడు లేకుండా రాలిపోతోంది. మూటలు కాస్త చిన్నవిగా కట్టమని రెండువైపులా పరికరాలకు ఆదేశమిచ్చింది. అంతే, ఇన్నాళ్లూ ఇరుక్కున్న చీటీలన్నీ ఒకేసారి ప్రింటరు మీద పడ్డాయి. కాగితాలు నేలంతా పరుచుకున్నాయి.

"తప్పు నాదే మామయ్యా. మీరు మొదటిరోజే సరిగ్గా చెప్పారు."

మామగారు ఈ మాటకు సిద్ధంగా లేరు. తలూపారు, కళ్లజోడు తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. "నీదేనని ఇలా ఒప్పేసుకుంటే, మరి నేనిప్పుడు ఎవర్ని తిట్టను?" అన్నారు దిగులుగా. ఆపైన ఆ నల్లకిటికీ తనకూ నేర్పమన్నారు. నేర్పింది.

సినిమా హాలాయన టైల్సు వెనక్కిస్తానని మొదట పట్టుబట్టాడు కానీ, వాటిని చూసి హాలుకొచ్చిన పిల్లలు కేరింతలు కొట్టడంతో మనసు మార్చుకుని, టిక్కెట్ల కిటికీ కింద గోడకు వేయించుకున్నాడు. మేనేజరు పింగమ్మను ఈసారి మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. ఇంట్లో అత్తగారికి రాయబారం తప్పింది.

కొన్నాళ్ల తర్వాత పని మీద మళ్లీ గోడౌనుకు వెళ్లిన పింగమ్మకు గుమ్మం బయటే మామగారి గొంతు వినిపించింది. లారీ డ్రైవర్లను చుట్టూ కూర్చోబెట్టుకుని చెబుతున్నారు. "మా కోడలు సొరంగం తవ్వింది. మంచి పనిమంతురాలు, కాదనను. కానీ ఇరుగ్గా తవ్వింది. నేను దగ్గరుండి వెడల్పు చేయించాను."

వెడల్పు చేయలేదు, మూటలు చిన్నవి చేశాం అని చెప్పబోయి పింగమ్మ నోరు తెరిచింది. డ్రైవర్లు ఎంత శ్రద్ధగా వింటున్నారో చూసి, మూసుకుంది. ఎదురుగా ఉన్న టీ కొట్టుకు వెళ్లి, కథ పూర్తయ్యేదాకా అక్కడే కూర్చుంది.