సున్నం రాళ్ల దాకా

మా అన్న బీరయ్య గొర్రెలన్నీ అమ్మేస్తున్నాడని వదినె ఫోన్ చేసింది. "నా మాట ఇంటలేడు. నువ్వన్న వచ్చి చెప్పు" అంది. మేము కురుమలం. అచ్చంపేట అవతల ఉన్న మా పుట్టినింటికి మంద తప్ప వేరే ఆస్తి లేదు. మందే పోతే ఇంకేముంది? మరునాడే బయల్దేరాను.

కట్టంగూర్‌లో పొద్దున ఆరున్నరకు నల్లగొండ బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్. కార్డు మాత్రం కొంగున కట్టుకుని పోవాలి, మరిచిపోతే కండక్టర్ ఊరుకోడు. నల్లగొండలో ఇడ్లీ తిని దేవరకొండ బస్సు ఎక్కితే, నా పక్కన ఒక ముసలమ్మ ఒళ్లో కోడిపుంజును పెట్టుకుని కూర్చుంది.

"అవ్వా, కోడికి టికెట్ తీసుకున్నవా?" అని కండక్టర్ పరాచికమాడాడు.

"అది మొగోడు బిడ్డా. పైసలు దాన్నే అడుగు" అంది. బస్సంతా నవ్వింది.

దేవరకొండలో బస్సు మారి, డిండి మీదుగా అచ్చంపేట చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. బస్టాండు ఎదురుగా పప్పు, పచ్చిపులుసుతో కడుపునిండా అన్నం దొరుకుతుంది. మా ఊరికి బస్సు సాయంత్రం దాకా లేదు, షేర్ ఆటోలు ఉంటాయి. ఆటో అతను మా అన్న పేరు వినగానే వెనక్కి తిరిగాడు.

"బీరయ్య చెల్లెవా? మీ అన్నోళ్లు దినాం గుట్ట కాడ్నే కూసుంటుండ్రు. కంచె గుంజలు దించనిస్తలేరు."

సంగతి ఇంటికి పోయాక వదినె చెప్పింది. మా ఊరి గుట్ట కింద బంచరాయి ఉంది, అంటే ఊరందరి పశువులు మేసే సర్కారు బీడు. దాంట్లో సగం జాగాను వానలు పడ్డప్పటి నుంచి దసరా దాకా ఎవరూ మేపరు. అది మా తాతల నాటి కట్టు. హద్దు తెలియడానికి వరుసగా రాళ్లు పాతి సున్నం కొడతారు. దసరా తెల్లారి మా ఇంటి పెద్ద ముందు దాటితే, ఆయన వెనుక మంద దాటుతుంది. గడ్డి నడుము దాకా పెరిగేది అందుకే. ఆ గడ్డిలో కృష్ణజింకలు ఈనడం, పిట్టలు నేల మీద గుడ్లు పెట్టడం చూసి, ఆ సగాన్ని కాపాడాలని ఢిల్లీ నుంచి హుకుం వచ్చిందట. చుట్టూ కంచె వేస్తే ఇక దసరా వచ్చినా లోపలికి పోయేది లేదు. మిగిలిన సగం మందకు చలికాలం దాకా కూడా రాదు. అందుకే అమ్మకం. గొర్రెలు కొనే బేరగాడు రేపు వస్తాడట.

"మనం ఆపినందుకే గడ్డి పెరిగింది అత్తా. పెరిగిందని మనల్నే ఆపుతుండ్రు" అన్నాడు నా మేనల్లుడు మల్లేశు. "రేపు ఫారెస్టు సారు వచ్చేలోపల మొత్తం మేపేస్త. గడ్డి లేకుంటే పిట్టలుండయి, పిట్టలు లేకుంటే కంచెతోని పనేంది?"

అన్న అంబలి తాగి, మందను చూసుకోవడానికి దొడ్డిలోకి పోయాడు.

తెల్లారి అందరం గుట్ట కాడికి పోయాం. మల్లేశు మందను తోలాడు. ముందు నడిచే నల్లమేక సున్నం రాళ్ల దాకా ఉరికి, అక్కడ ఆగిపోయింది. దాని వెనుక గొర్రెలన్నీ ఆగాయి. ఎంత అదిలించినా ఇటే తిరుగుతుంది. రోజూ అక్కడి నుంచే కదా వెనక్కి మలిపేది.

"బాపూ, నువ్వు దాటు. నీ ఎన్క అదొస్తది!" అని అరిచాడు మల్లేశు.

అప్పటికే అటవీశాఖ సారు జీపు దిగి చూస్తున్నాడు. అన్న రాయి దాకా పోయాడు. నేను పోయింది మంద అమ్మొద్దని చెప్పడానికి. ఆ ఒక్క అడుగు వేస్తే అమ్మే పని ఉండదేమో అనిపించింది. అయినా "దాటు అన్నా" అనడానికి నోరు రాలేదు. అన్న గొంగడి సర్దుకుని, రాయి మీదనే కూర్చున్నాడు.

"ఎందుకు ఆగింది అది?" అని అడిగాడు సారు.

"దసరా కాలె గద సారూ" అన్నాడు అన్న.

సారు జేబులోంచి కాగితం తీశాడు. "హుకుం నాది కాదు పెద్దాయనా. మీరు చెప్పింది రాసి పైకి పంపుత. జవాబు వచ్చేదాక గుంజలు దించం. అంతకుమించి నాతోని కాదు" అన్నాడు.

మల్లేశు కర్ర విసిరికొట్టి ఇంటికి పోయాడు. మధ్యాహ్నం బేరగాడు వస్తే, అన్న అతనికి తాగడానికి సల్ల పోయించి, "దసరా అయినంక రా" అని పంపాడు. వదినె నన్ను చూసి నవ్వింది గానీ, నిజానికి నేను చెప్పిందేమీ లేదు.

మరునాడు పొద్దున తొలి బస్సుకు అన్నే వచ్చి ఎక్కించాడు.

"కంచె ఏస్తేనో అన్నా?" అన్నాను కిటికీలోంచి.

"గేటు పెట్టుమంట. దసరా తెల్లారి తెర్వాలె."

"తాళంచెవి ఎవరి కాడుంటది?"

"గదే గద చెల్లె కొట్లాట" అన్నాడు. బస్సు కదిలింది.

పోయేటప్పుడు చెరువులూ చేలూ చూస్తూ పోయాను. వచ్చేటప్పుడు దేవరకొండ దాకా బాట పక్క కంచెలే కనిపించాయి. ఒక్కో కంచె రాగానే గేటు ఎటుందో, దానికి తాళం వేసి ఉందో లేదో చూస్తూ వచ్చాను.