బ్రేకు తొక్కినప్పటి బుస

భార్య ఊరెళ్ళిన దగ్గర్నుంచి మేస్త్రికి కార్ల షెడ్డులో ప్రాణం హాయిగా ఉంది. ఆవిడ అక్కగారు కాలు విరిగి మంచాన పడితే చూసుకోవడానికి వెళ్ళింది. ఇంట్లో ఉంటే ఆవిడ కుర్చీ షెడ్డు గుమ్మంలోనే. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి ఒకటే ప్రశ్నలు. బండి ఎప్పుడు మూలుగుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా, శబ్దం ఏ పక్క నుంచి? ఆ పురాణమంతా విని, మళ్ళీ లోపలికి గొంతు చించుకుని అప్పజెప్పేది. "ఏవండీ! మలుపు తిప్పితే ఎడమ చక్రం దగ్గర కీచుమంటోందట!" అని.

"ఎందుకే ఆ అరుపులు? నాకేం చెవుడా?" అని ఈయన కసురుకునేవాడు.

సాయంత్రానికి ఆవిడ గొంతు బొంగురుపోయేది. ఉప్పునీళ్ళు కాచుకుని పుక్కిలిస్తుంటే, "అంత వాగితే నొప్పెట్టక ఏం చేస్తుంది" అని ఈయన దెప్పేవాడు. వయసు మీదపడేకొద్దీ మనుషులకి ఒంట్లో బలం తగ్గి నోట్లో బలం పెరుగుతుందని అతనో సిద్ధాంతం కూడా తయారు చేసుకున్నాడు.

ఆ పేటలో అతన్ని గొట్టం మేస్త్రి అంటారు. తిట్టు కాదండోయ్, బిరుదే. మూరెడు రబ్బరు గొట్టం ఎప్పుడూ మెడలో వేలాడుతూ ఉంటుంది. ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసని ఇంజను మీద మెల్లగా తిప్పుతాడు. పాత కార్ల ఇంజను గాలి పీల్చుకుంటూ నడుస్తుంది. ఎక్కడ గొట్టం చీలినా, ఎక్కడ రబ్బరు పగిలినా అక్కడ్నుంచి దొంగగాలి దూరి సన్నగా బుస కొడుతుంది. ఆ బుస పట్టుకుంటే జబ్బు పట్టుకున్నట్టే. వయసులో ఉన్నప్పుడు గొట్టం కూడా అక్కర్లేకుండా, బండి వీధి మలుపు తిరుగుతుండగానే దాని రోగం చెప్పేవాడు.

ఇప్పుడా బుస అతనికి వినిపించదు. ఇంజను గుడగుడ వినిపిస్తుంది, సుత్తి దెబ్బ వినిపిస్తుంది, మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే మాట అందుతుంది. సన్నటి శబ్దాలే ఒక్కొక్కటీ మాయమైపోయాయి. ఈ సంగతి భార్యతో సహా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకేముంది? గొట్టం మేస్త్రికి చెవుడట అని పేటంతా పకపకలాడుతుంది. బండ్లన్నీ పెద్ద రోడ్డు మీది కంప్యూటర్ షెడ్డు దారి పడతాయి. చేతికి ఇంకో విద్య రాదు. అందుకని అలవాటు కొద్దీ గొట్టం చెవిలో పెట్టుకుని, ఏదో వినబడినట్టు తల ఊపుతాడు. రోజంతా వినబడినట్టు నటించి నటించి, పొద్దుగూకేసరికి పని చేసిన అలసట కంటే ఆ అలసటే ఎక్కువగా ఉంటోంది.

సరిగ్గా ఈ రోజుల్లోనే వదిన కారు వచ్చి పడింది. అన్న పోయాక ఆ పాత కారుని వదినే నడుపుతోంది. మేస్త్రి తల్లి కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆస్పత్రికైనా అంగడికైనా అత్తాకోడళ్ళు ఆ కార్లోనే. సిగ్నల్ దగ్గర ఆపితే చాలు, ఇంజను గుటకలు మింగి ఆగిపోతోందట. మొదటిసారి మేస్త్రి గొట్టం పెట్టి, తల ఊపి, ప్లగ్గులు మార్చాడు. రెండోసారి కార్బొరేటర్ కడిగి, స్క్రూ తిప్పి ఇంజను వేగం కాస్త పెంచాడు. షెడ్డులో రెండుసార్లూ బండి గుర్రంలా నడిచింది. "ఇక ఢోకా లేదు వదినా" అన్నాడు.

మూడోసారి కారు వచ్చినప్పుడు ముందు దీపం పగిలి ఉంది. బంపరు ఒక పక్కకి మూతి ముడుచుకుని ఉంది.

"మళ్ళీ ఆగిపోయిందా?" అన్నాడు మేస్త్రి.

"ఆగిపోతే బాగుండును. ఈసారి ఆగలేదు నాయనా" అంది వదిన, తలుపు విసురుగా వేసి. "ఆస్పత్రి గేటు దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ రాయిలా బిగుసుకుంది. రెండు కాళ్ళూ పెట్టి తొక్కాను. అయినా వెళ్ళి గోడకి గుద్దుకుంది. వెనక సీట్లో మీ అమ్మ ఉంది."

మేస్త్రి గబుక్కున వెనక సీటు వైపు చూశాడు. "అమ్మకి..."

"ఏమీ కాలేదులే. నేను బెదిరిపోయి ఏడుస్తుంటే ఆవిడే నా వీపు నిమిరింది. 'మా చిన్నాడు బాగుచేసిన బండి, మనకేం కాదే' అంది."

ఆ మాట కంటే చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేదనిపించింది మేస్త్రికి. బోనెట్ ఎత్తి, గొట్టం చెవిలో పెట్టుకోబోయాడు.

వదిన వచ్చి ఎదురుగా నిలబడింది. "ఆ గొట్టం కాసేపు పక్కన పెట్టవయ్యా. బ్రేకు తొక్కినప్పుడల్లా నా కాలి దగ్గర బుస్సుమంటోందని మొదటిసారే చెప్పాను. రెండోసారీ చెప్పాను. నువ్వు తల ఊపావు."

ఆవిడ ఆ మాట అన్నట్టే అతనికి గుర్తులేదు. అనే ఉంటుంది. కార్లో కూర్చుని, తల లోపలే ఉంచుకుని అని ఉంటుంది. తను తల ఊపే ఉంటాడు. ఈమధ్య అతని తలకి అదొక్కటే పని.

కాలి దగ్గర బుస. బ్రేకు తొక్కినప్పుడు. అతను బోనెట్ మీద చేయి ఆనించి నిలబడిపోయాడు. ఇన్నేళ్ళుగా అతని పద్ధతి ఒకటే. హ్యాండ్ బ్రేకు లాగి, మనిషిని కిందకి దింపి, తనొక్కడే ఇంజను ముందు నిలబడి వినడం. పెడల్ మీద ఎవరి కాలూ ఉండదు. మరి షెడ్డులో బండి గుర్రంలా నడవక ఏం చేస్తుంది!

"వదినా, లోపల కూర్చుని స్టార్ట్ చెయ్యి. నేను చేయి ఎత్తితే బ్రేకు తొక్కు."

చేయి ఎత్తాడు. ఇంజను వణికి, దగ్గి, ఆగిపోబోయింది. చేయి దించితే మళ్ళీ సర్దుకుంది. ఇంజను నుంచి బ్రేకు బూస్టర్‌కి ఒక రబ్బరు గొట్టం వెళుతుంది. బూస్టర్ అంటే పెడల్ వెనకాల బిగించిన పెద్ద రేకు డబ్బా. లోపల రబ్బరు పొర ఒకటి ఉండి, ఇంజను పీల్చుకునే గాలితో మన కాలికి బలం అందిస్తుంది. పెడల్ తొక్కే ఉంచమని చెప్పి, మేస్త్రి ఆ గొట్టాన్ని పట్టకారుతో నొక్కిపట్టాడు. ఇంజను వణుకు ఠక్కున తగ్గింది. వదిలాడు, మళ్ళీ వణికింది. ఇంక అనుమానం లేదు. డబ్బాలో రబ్బరు చిరిగిపోయింది. అందుకే బ్రేకు తొక్కితే ఇంజను ఆగుతోంది, అందుకే పెడల్ రాయి అవుతోంది. ఒక్క జబ్బుకి రెండు లక్షణాలు. వాటి మధ్య తన తల్లి.

అంత పాత బండికి కొత్త బూస్టర్ దొరకదు. తుక్కు యార్డుకి వెళ్ళి, ఎండలో రేకుల గుట్టల మీద పాకుతూ అలాంటి డబ్బాలు వెతికాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. దొరికిన ప్రతి డబ్బాకీ గొట్టం తగిలించి, నోటితో గాలి పీల్చి, కొస మీద నాలుక ఆనించాడు. లోపల పొర బాగుంటే నాలుకని అలాగే పట్టుకుని ఉంచుతుంది, చిరిగితే వదిలేస్తుంది. చాలా డబ్బాలు వదిలేశాయి. చివరికొకటి గట్టిగా పట్టుకుంది. నోరంతా తుప్పు రుచి. చెవి పోతే పోయింది, నాలుకైనా మిగిలింది దేవుడా అనుకుని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

బిగించడం ఇంకో నరకం. ముందు సీట్లో తలకిందులుగా పడుకుని, పెడల్స్ సందులో తల దూర్చి, కనబడని నట్లు వేలికొసలతో వెతుక్కోవాలి. చెమట కళ్ళలోకి కారింది. ఒక నట్టు జారి ముఖం మీద పడింది. ఒకప్పుడు కూనిరాగం తీస్తూ చేసిన పని ఇది. ఇప్పుడు ఒక్కో నట్టుకీ ఆగి ఊపిరి తీసుకున్నాడు. వదిన షెడ్డు గుమ్మంలో అతని భార్య కుర్చీలో కూర్చుని ఓపిగ్గా చూస్తోంది.

అయ్యాక ఇంజను ఆపి, పెడల్ గట్టిపడేదాకా తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేశాడు. పెడల్ మెత్తగా కిందకి దిగింది. సరిగ్గా అలాగే దిగాలి.

అక్కడితో తాళం చేతికిచ్చి పంపేయొచ్చు. కానీ పెడల్ దగ్గర బుస ఇంకా ఉందో లేదో వినాలి. ఉంటే ఈ పొరా నాలుగు రోజుల ముచ్చటే. మేస్త్రి బ్రేకు తొక్కి తల వంచాడు. ఇంజను గుడగుడ తప్ప ఇంకేమీ లేదు. లేకపోవడం బండిలోనా, తనలోనా? తల ఊపబోయాడు. వెనక సీటు కళ్ళబడింది. అమ్మ కూర్చునే చోట దిండు ఉంది.

"వదినా, ఇలా వచ్చి బుస వస్తోందేమో చూడు."

"నన్నడుగుతావేంటయ్యా? పేరు మోసిన చెవి నీది కదా."

"నాకు వినిపించదు వదినా" అన్నాడు. "చాలాకాలమైంది."

వదిన మెల్లగా వంగి, అతని మోకాలి పక్కన చెవి పెట్టి విన్నది. "లేదు. అస్సలు లేదు" అంది. తర్వాత ఇంజను ఆపి, అతనికి ఎదురుగా నిలబడింది.

"నువ్వు దాచావనుకుంటున్నావు గానీ అందరికీ తెలుసు. ఊరెళ్ళేముందు మీ ఆవిడ మా ఇంటికొచ్చింది. 'అక్కా, ఆయనకి ఏం చెప్పినా ఎదురుగా నిలబడి రెండుసార్లు చెప్పండి. చెవుడన్న మాట మాత్రం ఎత్తకండి, తట్టుకోలేరు' అంది. నేనే బద్ధకించి కార్లో కూర్చుని చెప్పాను. తప్పు నాదీ ఉంది."

"మరి అది రోజూ గుమ్మంలో కూర్చుని అరిచేది..."

"నోటి దురద అనుకున్నావా?"

మేస్త్రి గుమ్మంలోని కుర్చీ వైపు చూశాడు. బండి ఎప్పుడు మూలుగుతోంది, ఏ పక్క నుంచి, ఎత్తు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా. ఈమధ్య తను అనుభవం మీద కనిపెట్టాననుకున్న జబ్బులన్నీ ఆ కుర్చీలోంచి వచ్చినవే. సిగ్గేసింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. మసి చేతులతో కళ్ళు తుడుచుకుంటే ముఖం ఇంకా పాడైంది. వదిన తన కొంగు అందించింది.

అక్కగారి కాలు కుదుటపడ్డాక భార్య తిరిగొచ్చింది. మర్నాడు ఎవరో వ్యాను తెచ్చారు. ఆవిడ తన కుర్చీలో కూర్చుని, అన్నీ అడిగి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, "ఏవండీ! గేరు మారిస్తే..." అని ఎత్తుకుంది.

మేస్త్రి పని వదిలేసి వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. "అరవకే" అన్నాడు. "ఇక్కడే ఉన్నాగా, మెల్లిగా చెప్పు."

ఆవిడ అతని ముఖం కేసి చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తర్వాత మామూలు గొంతుతో చెప్పింది.

ఆ సాయంత్రం ఉప్పునీళ్ళు అతనే కాచాడు.