ఎక్కువకూ తక్కువకూ నడుమ డెబ్బై ఎనిమిది గుడ్లు

ముందు పోయినవాటి లెక్క. డెబ్బై ఎనిమిది కోడిగుడ్లు. ఆరు నెలల ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. వీటిని తూకంలో చెప్పలేను కాబట్టి నెలల్లో చెబుతున్నాను. నలభై రెండు మాత్రలు, వాటితో పాటు నలభై రెండు రోజుల తెలివి. రెండు డజన్ల ఎర్ర గాజులు. మా ఆయన పక్క ఒక గదిలో, నా పక్క ఒక గదిలో గడిచిన నూట పన్నెండు రాత్రులు. ఇవన్నీ ఒకే ప్రశ్న కింద పోయాయి. ఆడదానికి కోరిక ఎంత ఉంటే సరి?

నేను తొమ్మిదో తరగతితో బడి మానేశాను. లెక్కలు మానలేదు. లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణంలో సరుకు విడదీసి, సైజు చూసి, పెట్టెల్లో సర్దే పని నాది. గాజు సైజు రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని ఉంటుంది. మొదటిది అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, దారం చుట్టి, స్కేలు పెట్టి నేనే కనిపెట్టాను. డిగ్రీ చదివి పనిలో చేరినవాళ్లు రెండు పదిని రెండు నాలుగు కన్నా చిన్నదనుకుని ముందు వరుసలో పెడితే, వాళ్లకు చెప్పి మార్పించేది నేనే. నా చేతి మీదుగా వెళ్లిన పెట్టెలో తప్పు సైజు ఉండదని బజారులో పేరు.

ఆ దుకాణంలో గాజులు తొడిగేది యజమాని తల్లి. మేమందరం అమ్మీజాన్ అంటాం. ఆమె ఎవరినీ సైజు అడగదు. వచ్చినామె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలి మొదలు దగ్గర నొక్కి, పిడికిలి ఎముకలు కూడదీసి, "దర్ద్ హో రా క్యా?" అంటుంది. నొప్పి అవుతోందా అని. అవుతోందంటే ఒక సైజు పెంచుతుంది. కాదంటే తొడిగేస్తుంది. మా ఇంట్లో అందరిదీ రెండు ఆరే అని తల్లులు పక్కనుంచి చెబుతూనే ఉంటారు. ఆమె వినదు.

ఇప్పుడు మొదటి నష్టం సంగతి. నాకు ఇరవై ఒకటి, పెళ్లయి రెండో ఏడు. మా ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా, మధ్యాహ్నం అన్నానికి మొఘల్‌పురాలోని ఇంటికి వచ్చేవాడు. ఒక నెలలో తొమ్మిది రోజులు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాడు. ఆలస్యానికి కారణం నేను. పిలిచింది నేనే, తలుపు గడియ పెట్టింది కూడా నేనే. దీన్ని ఇవాళ రాయడానికి నాకు సిగ్గు లేదు, అప్పుడూ పెద్దగా లేదు. ఆఫీసులో ఎవరో నవ్వితే ఆ నవ్వు గౌలిపురలో ఉన్న మా ఆయన అక్క దాకా వెళ్లింది. ఆమె వచ్చి మా అత్తగారి ముందు నన్ను కూర్చోబెట్టింది.

"ఆడిదానికి గంత యావ ఏందే? ఒంట్ల వేడి జాస్తయింది నీకు" అంది.

వేడి తగ్గడానికి గుడ్డు, ఉల్లి, ఎల్లి బంద్ చేశారు. అప్పుడు నేను వారానికి మూడు గుడ్లు తినేదాన్ని. ఇరవై ఆరు వారాలు. వంట నేనే చేసి, అందరికీ గుడ్ల పులుసు వడ్డించి, నేను పెరుగన్నం తిన్నాను. ఎంత కన్నా ఎక్కువో అడగాలని ఉండేది. అడగలేదు. కోరిక మాత్రం పెరుగన్నానికి తగ్గలేదు. చప్పుడు చేయకుండా ఉండటం నేర్చుకుంది, అంతే.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు మా ఇద్దరి సంగతి ఎవరికీ పట్టలేదు.

నలభై మూడులో అది తగ్గింది. నెలసరి వస్తే వచ్చేది, లేకపోతే రెండు నెలలు పత్తా ఉండేది కాదు. దగ్గరైతే నొప్పి. దుకాణం నుంచి వచ్చేసరికి కాళ్లు లాగేవి. నేను అటు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్లు చూసి మా ఆయన ఏమీ అనకుండా తన పరుపు ముందు గదిలోకి మార్చుకున్నాడు. ఆయన అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండేది, జవాబు చెప్పేదాన్ని. ఒక రోజు చాయ్ తాగుతూ, డాక్టరుకు చూపించుకో, రోగమైతే రోగమని కాగితం రాయించుకో, నేను ఇంకేమీ అడగను అన్నాడు. సొంత ఇంట్లో రోగిగా ఉండాలా అక్కర్లేదా అన్నది ఒక కాగితం మీదికి వచ్చింది.

అక్కకు చెప్పింది ఆయనే. ఆమె గౌలిపుర నుంచి ఆటోలో, ఒడిలో ముప్పై గుడ్ల అట్ట పెట్టుకుని వచ్చింది. ఒంట్లో చలవ చేసిందట. రోజుకు రెండు తినాలట, ఎల్లిగడ్డ బాగా వేయాలట. నేను ఆ అట్ట వైపు చూస్తూ నిలబడ్డాను. ఇరవై రెండేళ్ల కింద నా కంచంలోంచి తీసేసిన వస్తువును అదే చెయ్యి తెచ్చి పెట్టింది. ఆమెకు అది గుర్తే లేదు.

ఒక క్లినిక్‌కు వెళ్లాను. డాక్టరు నా కన్నా పదిహేనేళ్లు చిన్నది, మర్యాదస్తురాలు. ఒక కాగితం ఇచ్చింది. గడిచిన నెలలో కోరిక ఎన్నిసార్లు కలిగింది, ఎంత గట్టిగా కలిగింది, నొప్పి ఉందా, తృప్తి ఉందా. ఒక్కోదానికీ ఒక్కో అంకె చుట్టాలి. నాకు ఇష్టమైన పని కాబట్టి శ్రద్ధగా చుట్టాను. ఆమె కూడి, మీ స్కోరు తక్కువ వచ్చిందండీ అంది.

నేను సరేనని తలూపాను. ఇక్కడే నేను చేసిన తప్పు. గాజుల పనిలో ఇరవై ఏళ్లున్న మనిషి తప్ప ఇంకొకరు ఈ తప్పు చేయరు. మా దుకాణంలో అంకె చిన్నదైతే చిన్నది, అంతే. రెండు నాలుగు చేతిని చూసి అయ్యో అని ఎవరూ అనరు. నా సైజు తెలిసిందని అనుకుని నేను తలూపాను. రోగం ఒప్పుకున్నానని ఆమె అనుకుని చీటీ రాసింది. రోజుకొకటి, ఆరు వారాలు.

ఆ మాత్రలతో తల బరువెక్కేది. పొద్దున్నే లేచినా మధ్యాహ్నం దాకా మబ్బుగా ఉండేది. నలభై రెండోది మింగిన రోజు మలక్‌పేట నుంచి ఒక పెళ్లికూతురు వచ్చింది. నేను ఇచ్చిన పెట్టె మీద రెండు ఆరు అని రాసి ఉంది, లోపల ఉన్నవి రెండు నాలుగు. పెట్టె మీద నా రాతను నమ్మి అమ్మీజాన్ జోరుగా తొడిగింది. నాలుగో గాజు ఎముకల దగ్గర పగిలింది, పిల్ల చెయ్యి తెగింది. ఆ కోపంలో పిల్ల తండ్రి పెట్టెను కింద కొట్టాడు. రెండు డజన్లూ పోయాయి.

దుకాణం యజమాని, ఆమె కొడుకు, ఏదో అనబోతే అమ్మీజాన్ ఆపింది. పిల్లకు కట్టు కట్టించి పంపాక, నన్ను లోపల సంచుల మధ్య కూర్చోబెట్టి ఏమైందని అడిగింది. ఇరవై ఏళ్లలో మొదటి తప్పు కదా. నేను మొత్తం చెప్పాను. కాగితం, అంకె, మాత్రలు, ముందు గదిలో పరుపు. ఆమె నా చెయ్యి తీసుకుని అలవాటుగా ఎముకలు నొక్కుతూ వింది. చివర ఒకటే అడిగింది.

"దర్ద్ తేరేకు హై, యా ఉస్‌కు?"

నొప్పి నీకా, ఆయనకా? లెక్కల మనిషిని, ఆ ఒక్క ప్రశ్న తేలక ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. 

మర్నాడు సెలవు పెట్టి సర్కారు దవాఖానాకు వెళ్లాను. మూడు గంటలు వరుసలో నిలబడ్డాక దొరికిన డాక్టరమ్మ పెద్దావిడ, అద్దాలు ముక్కు మీదికి జారుతూ ఉన్నాయి. నా పాత కాగితం తిప్పి చూసి పక్కన పెట్టింది.

"కోరిక తగ్గిందన్నది మీకు బాధగా ఉందా? లేక బాధగా ఉండాలని మీకు ఎవరైనా చెప్పారా?"

అమ్మీజాన్ మాటే, తెల్లకోటు వేసుకుని వచ్చింది.

ఆమె ఓపికగా చెప్పింది. ఇన్నిసార్లు ఉంటే మామూలు, అంతకు తక్కువైతే జబ్బు అని గీత లేదు. ఒకే అంకె ఇద్దరు ఆడవాళ్లకు రావచ్చు. ఒకామె హాయిగా ఉంటుంది, ఇంకొకామె నెలల తరబడి తనలో తాను కుమిలిపోతుంది. ఆ రెండో ఆమెకు వైద్యం కావాలి, అది నిజమైన జబ్బే, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ కుమిలేది ఆమె అయి ఉండాలి, ఆమె చుట్టూ ఉన్నవాళ్లు కాదు. ఆ తర్వాత నొప్పి గురించి విడిగా అడిగింది. అది వయసుతో వచ్చే పొడితనం అని, దానికి మందు ఉందని చెప్పి చీటీ రాసింది. మాత్రలు నాకు అవసరం లేదంది.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని మొదటి కాగితం మళ్లీ చూశాను. నొప్పి ప్రశ్న అందులోనూ ఉంది. నేను దానికి నిజమే చుట్టాను. కానీ ఆ అంకెను మిగతావాటితో కలిపి కూడేశారు. కూడికలో నొప్పి కలిసిపోయింది. విడివిడిగా చదవాల్సినవాటిని కూడితే వచ్చే మొత్తానికి అర్థం ఉండదని, గాజులనూ గుడ్లనూ ఎవరూ కలిపి కూడరని నాకు తెలుసు. అక్కడ మాత్రం తలూపాను.

ఇంటికి వచ్చి నా పట్టిక నేను గీసుకున్నాను. ముప్పై రోజులు, రెండు గడులు. ఒక గడిలో కోరిక కలిగిన రోజులు, రెండో గడిలో అది కలగనందుకు నాకు నిజంగా దిగులైన రోజులు. ఎవరికీ చూపించలేదు కాబట్టి అబద్ధం రాయాల్సిన పని లేదు. నెల తిరిగేసరికి మొదటి గడిలో నాలుగు, రెండో గడిలో రెండు. ఆ రెండు ఏ రోజులా అని చూస్తే, రెండూ ఆడబిడ్డ మా ఇంటికి వచ్చిపోయిన రోజులు.

నా జీవితంలో చాలా లెక్కలు కట్టాను. అంత శుభ్రంగా తేలిన లెక్క ఇంకోటి లేదు. నేను రోగిని కాను. ఇరవై ఒకటిలోనూ కాను, నలభై మూడులోనూ కాను. చెయ్యి వయసుతో మారింది, గాజు సైజు మారింది, అంతే.

పట్టిక మా ఆయన ముందు పెట్టాను. అద్దాలు పెట్టుకుని, ఆఫీసు ఫైలు చూసినట్టు చూశాడు. రెండో గడి మీద వేలు పెట్టి అన్నాడు: "మరి నాకు బాధ అయితే?"

న్యాయమైన మాట. నేను కాదనలేదు. అది నీ గడి, నువ్వు రాసుకో, నా జబ్బు కింద రాయకు అన్నాను. ఎన్నైతే నీకు సరిపోతుందో అంకె చెప్పమని కూడా అడిగాను. అద్దాలు తీసి కింద పెట్టాడు. "అంకె ఏంది... నువ్వు అటు మర్లి పండుకుంటే, నా మొఖం సూడబుద్ధి అయితలేదేమో అనుకున్న" అన్నాడు. నొప్పి సంగతి నేను ఆయనకు ఒక్కసారీ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ తప్పు నా గడిలో రాసుకున్నాను. ఆ వారమే పరుపు లోపలికి వచ్చింది. నూట పదమూడో రాత్రి నుంచి లెక్క ఆపేశాను. మందు పనిచేసింది. ఎంత పనిచేసింది, ఎన్నిసార్లు అన్నది మాత్రం ఇందులో రాయను. అది ఎవరి గీతకూ పైన కాదు, కింద కాదు.

ఆడబిడ్డ మళ్లీ వచ్చింది, మందు పట్టిందా అని అడగడానికి. చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఇరవై రెండేళ్లు దాచుకున్న ప్రశ్న అడిగాను.

"వదినె, అప్పుడు ఎక్కువంటివి. ఇప్పుడు తక్కువంటివి. నడుమల ఎన్నడన్న సరిగ్గున్ననా నేను?"

ఆమె సాసర్‌లోకి చాయ్ వంచుకుని ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"నడుమల నువ్వు నాకు యాదికి రాలేదే" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. మామూలుగా ఉండటం అంటే అదేనేమో, ఆడబిడ్డకు గుర్తు రాకపోవడం. నవ్వు ఆగాక ఆమె సాసర్ కింద పెట్టి, గొంతు తగ్గించి, ఇంకో మాట అంది: "నన్నయితే గిట్ల అడిగినోళ్లే లేరు. ఎక్కువనో తక్కువనో, నొప్పో తీపో."

నేను ఆమె చెయ్యి తీసుకున్నాను. ఎముకల దగ్గర నొక్కి, అమ్మీజాన్ అడిగినట్టే అడిగాను. ఆమె చాలా చెప్పింది. అది ఆమె లెక్క, ఇక్కడ రాయను.

వెళ్లేటప్పుడు గడప దగ్గర, నా డెబ్బై ఎనిమిది గుడ్ల మాట ఎత్తాను. వారానికి మూడు, ఇరవై ఆరు వారాలు అని విడమర్చి చెప్పాను. మొన్న తెచ్చిన ముప్పై ఉన్నాయి కదే అంది. అవి మందుగా వచ్చాయి, జమ కట్టను అన్నాను. "సచ్చినదానా, ఇంకా లెక్క వెట్టుకున్నవా" అని తిట్టుకుంటూ ఆటో ఎక్కింది.

తర్వాత మా ఇంటికి ఎప్పుడు వచ్చినా ఆరు గుడ్లు కాగితంలో చుట్టుకుని తెస్తుంది. వేడి కోసమూ కాదు, చలవ కోసమూ కాదు. పులుసు పెట్టుకుని ఇద్దరం తింటాం, తిన్నవన్నీ నా జమలోకే. ఇప్పటికి ఏడుసార్లు వచ్చింది. ఇంకా ముప్పై ఆరు రావాలి.