పద్నాలుగు పాయింట్ ఏడు

ఎల్బీనగర్ మెకానిక్ లింగస్వామి మనిషి మాట నమ్మడు. మీటరు చెబితేనే నమ్ముతాడు. రోజూ పొద్దున్నే షట్టర్ ఎత్తి, నరసింహస్వామి పటానికి అగరుబత్తి తిప్పి, అదే బత్తిని అరచేతిలో పట్టేంత మీటరు డబ్బాకూ మూడుసార్లు తిప్పుతాడు. తర్వాత తన పాత కారు స్టార్ట్ చేస్తాడు. మీటరులో పద్నాలుగు పాయింట్ ఏడు కనపడేదాకా చాయ్ ముట్టడు. ఒకరోజు పదకొండు గంటలైనా ఆ అంకె కనపడలేదు. పక్క చాయ్ కొట్టు యాదలక్ష్మి వచ్చి, "అన్నా, నీ ఇంజన్ ఎట్లన్న పోనీ, నా చాయ్ చల్లారుతున్నది," అని గ్లాసు ఆ డబ్బా మీదే పెట్టి పోయింది.

"ఏమిటయ్యా ఆ అంకె?" అని అడిగాను. నాది పల్లెటూరి బడి చదువు.

"పొగగొట్టంల సెన్సర్ పెట్టిన సార్. కాలినంక ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూస్తది. పెట్రోల్ ఒక వంతైతే గాలి పద్నాలుగు పాయింట్ ఏడు వంతులుండాలె. పెట్రోల్ ఎక్కువైతే రిచ్, గాలి ఎక్కువైతే లీన్."

"రిచ్ అంటే మంచిదే కదా?"

"కాదు సార్. నల్లపొగ వస్తది."

"అయితే లీన్ మంచిది."

"అదీ కాదు సార్. బండి ఆగిపోతది."

చెయ్యి కడుక్కున్న నీళ్లు చూసి భోజనంలో ఉప్పెంతో చెప్పినట్టుంది వ్యవహారం. అర్థమైనట్టు తలూపి బయల్దేరాను. కొత్తపేట చేరేసరికి రిచ్ ఏదో లీన్ ఏదో మళ్లీ తారుమారైపోయాయి.

మా వీధిలో అమ్మాజీ ఉంటుంది. భీమవరం వైపు వాళ్లు. తెల్లవారుజామునే ఇడ్లీ డబ్బాలు పాత వ్యాన్‌లో పెట్టుకుని, దిల్‌సుఖ్‌నగర్ ఆడపిల్లల హాస్టల్‌కి తనే నడుపుకుంటూ వెళుతుంది. దారిలో నన్ను సాయిబాబా గుడి దగ్గర దింపుతుంది. ఎన్నేళ్లుగానో ఇంతే. "నా పేరున కూడా ఒక దణ్ణం పెట్టండి అన్నయ్యగారూ" అంటుందే తప్ప ఇంకేమీ అడగదు.

నెల్లాళ్లుగా ఆ వ్యాన్ ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగిపోతోంది. పిల్లలు ఇడ్లీ తినకుండానే క్లాసులకు పోతున్నారు. ఇంకొక్కరోజు ఆలస్యమైతే వేరేవాళ్లను చూసుకుంటామని హాస్టలావిడ చెప్పేసింది. అమ్మాజీ భర్త విశ్వేశ్వరరావుగారి తీర్పు వేరు.

"బండికేం లేదు బావగారూ. ఈవిడ క్లచ్ తొక్కడంలోనే ఉంది తంటా అంతా. ఆదివారం అమ్మేస్తున్నాను."

శనివారం ముగ్గురం లింగస్వామి దగ్గరికి వెళ్లాం. అమ్మాజీ మొదలుపెట్టబోయింది.

"మీరు చెప్పకుండ్రి మేడమ్. మీటర్ చెప్పనీ."

"క్లచ్..." అన్నారు విశ్వేశ్వరరావుగారు.

"మీరు కూడ చెప్పకుండ్రి సార్."

పొగగొట్టంలో సెన్సర్ పెడితే మీటరు పదిహేడు చూపించింది. మంచి అంకో చెడ్డ అంకో తెలియక నేను బాబాను తలుచుకున్నాను. లింగస్వామి ముందుసీటు ఎత్తి, కింద ఉన్న ఇంజన్ మీద టార్చి వేశాడు. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ మసిగా ఉంది. దాని పక్కన పెట్రోలు పాలు మార్చే చిన్న స్క్రూ తల మీద మాత్రం కొత్తగా గీసిన గీతలు తళతళలాడుతున్నాయి. లింగస్వామి తలెత్తి విశ్వేశ్వరరావుగారి జేబు చూశాడు. నేనూ చూశాను. పెన్ను పక్కన బుల్లి స్క్రూడ్రైవరు. ఫోన్‌లో ఏదో వీడియో చూసి పెట్రోలు పొదుపు చిట్కా కనిపెట్టానని ఆయన ఆ మధ్య నాతో చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆయన చాలా శ్రద్ధగా మెట్రో స్తంభాన్ని పరిశీలిస్తున్నారు.

"ఏమంటోంది బాబూ?" అమ్మాజీ మీటరు మీదికి వంగింది.

"గాలి ఎక్కువైంది మేడమ్. గందుకే సిగ్నల్ కాడ ఆగుతున్నది. మీ డ్రైవింగ్ మంచిగుందంటున్నది."

"అదీ చెబుతుందా!"

"అన్నీ చెప్తది."

"మరి గాలి... ఎలా ఎక్కువైందట?" విశ్వేశ్వరరావుగారి మాట ఆయనకే వినపడనంత మెల్లగా వచ్చింది.

"గతుకులల్ల స్క్రూ బిగుసుకున్నదంట సార్."

గతుకులకు స్క్రూలు ఊడతాయని తెలుసు గానీ బిగుసుకుంటాయని నేనెక్కడా వినలేదు. లింగస్వామి దాన్ని అర చుట్టు వెనక్కి తిప్పాడు. పదహారు, పదిహేను, పద్నాలుగు పాయింట్ ఏడు. ఇంజన్ పారాయణం చేస్తున్నట్టు సన్నగా, ఆగకుండా పలికింది. అమ్మాజీ స్టీరింగ్‌కి దణ్ణం పెట్టింది.

నేను లింగస్వామిని పక్కకు పిలిచాను. "నిజంగా మీటరు అన్ని మాటలు చెప్పిందా?"

"మీటర్ నంబర్ ఒక్కటే చెప్తది సార్. మిగిలినవి మనమే చెప్పాలె. మనిషి చెప్తే లొల్లి అయితది. డబ్బా చెప్పిందంటే ఎవ్వరూ ఏమనరు."

అయినా ఒక అనుమానం మిగిలింది. ఆ స్క్రూ అక్కడే ఉంది, ఈ స్క్రూడ్రైవరూ ఇక్కడే ఉంది. రేపు ఇంకో వీడియో రాదా? అడుగుదామనుకుంటుండగానే అతను మీటరు తీసుకుని విశ్వేశ్వరరావుగారి దగ్గరికి నడిచాడు.

"సార్, జర నాకొక సాయం చెయ్యుండ్రి. మీరు చదువుకున్నోళ్లు. వారం రోజులు పొద్దుగాల మేడమ్ పక్కన కూసోని, ప్రతి సిగ్నల్ కాడ నంబర్ రాయాలె. ఒక చేతిల మీటర్ పట్టుకోండ్రి, ఒక చేతిల పెన్ను. ఇంకే పనికీ చెయ్యి ఖాళీ ఉండొద్దు."