రిమార్కుల గడి

నీళ్ల పంపుల గదిలో పగలంతా పెద్దాయన ఒక్కడే. గంటకోసారి లేచి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మీటరు ముల్లు చూసి, రిజిస్టరులో అంకె వేస్తాడు. చివరి గడి రిమార్కులది. పంతొమ్మిదేళ్లుగా అందులో 'ఏమీ లేవు' అనే రాస్తున్నాడు. భార్య ఉన్నన్నాళ్లూ ఆయన నడకకీ, దగ్గుకీ, తువ్వాలు ఆరేసిన తీరుకీ ఏదో ఒక వంక పెట్టేది. ఇప్పుడు తువ్వాలు ఎలా ఆరేసినా అడిగేవాళ్లు లేరు. ఒక మధ్యాహ్నం ఆ గడిలో, ఎప్పటి గుండ్రటి అక్షరాలతోనే, 'మోటారు బాగుంది. నాకే ఒంట్లో బాగాలేదు' అని రాశాడు. ప్రతి శనివారం రిజిస్టరు చూడ్డానికొచ్చే ఇంజనీరు సంతకం ఆ వారమూ పేజీ కింద ఎప్పటిలాగే పడింది.

నాలుగు నెలల తర్వాత, పైనుంచి తనిఖీకి వస్తున్నారని, ఇంజనీరు పాత పేజీలు తిరగేశాడు.

"ఇదేంటయ్యా పెద్దాయనా! రిమార్కంటే మోటారు రోగం రాయాలి గానీ నీ రోగం కాదు."

"రాసి నాలుగు నెలలైంది సార్."

ఇంజనీరు తల గోక్కున్నాడు. "సర్లే, కొట్టెయ్."

కొట్టేసినా మాట కనబడాలి, పక్కన ఇద్దరూ సంతకం పెట్టాలి. అది అక్కడి పద్ధతి. పెద్దాయన స్కేలు పెట్టి సన్నగా ఒకే గీత గీశాడు. సంతకం చేసి పెన్ను అందించి, ఇంజనీరు ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇంజనీరు సంతకం పెట్టి, వాచీ చూసుకుని వెళ్లిపోయాడు.

సిరా ఆరేదాకా పెద్దాయన రిజిస్టరు మూయలేదు. గంట కాగానే లేచి, ముల్లు చూసి, అంకె వేసి, చివరి గడిలో 'ఏమీ లేవు' అని రాశాడు.