మెట్ల మలుపులో మెండెల్సోన్

పొద్దున్న ఏడు కొట్టింది. మంచు కురవాలా వాన పడాలా తేల్చుకోలేక ఆకాశం రెండూ కలిపి మా నెత్తిన పోస్తోంది. నా కడుపులో రాత్రి తాగిన బంగాళాదుంప సూపు జ్ఞాపకం తప్ప ఇంకేం లేదు. భుజానికి తోలు పట్టీ, పట్టీకి పియానో, పియానోకి అటు చివర కుబెష్. మొదటి మలుపు దాకా ఎక్కామో లేదో ఆయన పియానో దించేశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పై మెట్టు మీద నిలబడ్డ ఇంటావిడ వైపు తిరిగి, "అమ్మగారూ, మెండెల్సోన్ అని ఒకాయన ఉండేవాడు" అని మొదలెట్టాడు.

అదీ కుబెష్ అంటే. ఒకళ్ళకి తాగుడుంటుంది, ఒకళ్ళకి పేకాట ఉంటుంది. లియోపోల్డ్ కుబెష్‌కి మెట్ల మలుపు ఉంది. మలుపు కనబడితే చాలు, ఎత్తిన పియానో దించి, ఎప్పుడో మా ముత్తాతల కాలంలో సంగీతం కట్టి వెళ్ళిపోయినవాళ్ళ గురించి ఉపన్యాసం చెప్పందే కదలడు. కింద లారీ హారను మోగనీ, పైన ఇంటాయన చొక్కా చించుకోనీ, అంతే.

ఆ రోజు నాకు ఆ పనిలో మొదటి రోజు. అంతకుముందు బొగ్గు బస్తాలు మోసేవాణ్ణి. ఒక చలికాలం గడ్డకట్టిన మెట్ల మీద జారి కుడి మోకాలు పాడు చేసుకున్నా. పైకి బానే నడుస్తా. బరువుతో ఒక వరస మెట్లెక్కేసరికి మాత్రం లోపల టక్కుమంటుంది, కాలు నాది కాకుండా పోతుంది. కాసేపు నిలబడితే మళ్ళీ నాదవుతుంది. ఈ సంగతి మా ఓనరు హోలుబ్ గారికి చెప్పలేదు. ఎలా చెప్తా? అంతకుముందు ఆ కంపెనీలో మోసే బెర్టల్ అనేవాడికి నడుం పడితే, "మెట్లెక్కలేనివాడికి పియానోల దగ్గర పనేంటయ్యా, పోయి డాన్యూబులో చేపలు పట్టుకో" అని అప్పటికప్పుడు పంపేశాడట. నేను బడి ముఖం చూసింది తక్కువ. మోసే పని పోతే నాకింక వేరే విద్య లేదు.

ఆ మలుపులో నా మోకాలు టక్కుమంది. పళ్ళు బిగబట్టా. కుబెష్ నా వైపోసారి చూశాడు. ఉపన్యాసానికి కొత్త గొర్రె దొరికిందని సంబరపడ్డాడు కాబోలనుకున్నా.

"ఎవరండీ ఆ మెండెల్సోన్? మీ ఓనరుగారా?" అంది ఇంటావిడ.

"కాదమ్మా. డబ్బున్నింట పుట్టాడు, చదువుకున్నాడు, బొమ్మలు కూడా బాగా వేసేవాడు. అన్నీ ఉన్నవాణ్ణి చూస్తే మనకి కుళ్ళు పుట్టాలా వద్దా? పుట్టాలి. కానీ ఆయన సంగీతం వినండి, కుళ్ళు పుట్టదు. ఎవరో వచ్చి మనింటి కిటికీలన్నీ తెరిచి వెళ్ళినట్టుంటుంది."

"మరి పియానో పైకెప్పుడొస్తుంది?"

"ఆయన సంగతి అయ్యాక."

నేను గోడకి ఆనుకుని, ఈ పిచ్చాడొచ్చి నా నెత్తిన పడ్డాడేంట్రా దేవుడా అనుకున్నా. ఆయన ముగించేసరికి నా కాలు నాదయ్యింది. పియానో ఎత్తాం.

మా వియన్నాలో ఒకటో అంతస్తంటే నమ్మకూడదు. ముందు 'ఎత్తు నేల' అని ఒకటి, దాని మీద 'నడిమి అంతస్తు' అని ఒకటి, అప్పటికి నాలుక బయటికొచ్చాక ఒకటో అంతస్తు మొదలవుతుంది. "అబ్బే, రెండో అంతస్తేనండీ" అని ఇంటివాళ్ళు నవ్వుతూ చెప్తారు. కొండెక్కేది మేం. కుబెష్ ఈ అంతస్తులన్నీ తన మహానుభావులకి పంచేశాడు. నడిమి అంతస్తు మెండెల్సోన్‌ది. ఒకటో అంతస్తు బ్రామ్స్‌ది.

"బ్రామ్స్‌కి గడ్డం చూసి భయపడతారు గానీ అమ్మగారూ, జేబు నిండా పిల్లల కోసం మిఠాయిలే. సంగీతమూ అంతే. పైన మందపాటి కోటు, లోపల వెచ్చన."

రెండోది శూబర్ట్‌ది. మూడోది షోపాన్‌ది. "అంతకంటే పైకి ఎక్కించకూడదు పాపం, ఊపిరితిత్తులు మంచివి కావు" అనేవాడు. నాలుగోది లిస్ట్‌ది. ఆయన పారేసిన చేతి తొడుగుల కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకునేవాళ్ళట, అలాంటివాడు కిందంతస్తులో ఉంటాడా అని. చూరు కింద గది బ్రూక్నర్‌ది. భక్తుడు, దేవుడికి దగ్గరగా ఉండాలి. పైగా ఆయనకి కనబడ్డదల్లా లెక్కపెట్టే అలవాటు. "మెట్లన్నీ లెక్కపెట్టుకుంటూ వచ్చేస్తాడు, ఆయన గురించి దిగులు లేదు."

డ్వోర్జాక్ మాత్రం మెట్లెక్కడు. ఆయనకి రైళ్ళ పిచ్చి, ఇంజను చప్పుడుంటే చాలు. అందుకని మా లారీలో ముందు సీటు ఆయనది. దాని మీద నా రొట్టెల పొట్లం పెడితే, "ఒరే వెన్జెలూ, పెద్దాయన ఒళ్ళో పంది కొవ్వు పెడతావేంట్రా" అని తీసి నా ఒళ్ళో పడేసేవాడు.

ఒకసారి మూడో అంతస్తులో ఒక పెద్దమనిషి తలుపు తీసి అడ్డం తిరిగాడు. "అందరికీ ఇచ్చావు, మా వాగ్నర్‌కి ఏ అంతస్తయ్యా?"

"ఆయనకి అంతస్తేం సరిపోతుందండీ? తన సంగీతానికి తనే థియేటరు కట్టించుకున్నవాడు. అద్దె ఇంట్లో ఉండమంటే కోప్పడడూ?"

ఆ పెద్దమనిషికి అది పొగడ్తో కాదో అర్థం కాక, మాకు తలో గ్లాసు వైను పోశాడు. తర్వాత కుబెష్ నా చెవిలో, "మోయాలంటే అందరికంటే బరువు ఆయనేరా" అన్నాడు.

ఇంత వాగేవాడు కదా, ఒక ఆదివారం పొద్దున నన్ను కచేరీకి తీసుకెళ్ళాడు. వెనకాల నిలబడి వినే చోట, కమ్మీకి మఫ్లరు కట్టి జాగా పట్టాడు. మఫ్లరు కట్టిన జాగాలో మా ఊళ్ళో మేయరైనా నిలబడడు. నేననుకున్నా, ఇవాళ చెవులు ఊడిపోతాయని. వాయించడం మొదలెట్టారు. కుబెష్ కమ్మీని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. కిక్కురుమనడే! మధ్యలో నేను, "కుబెషన్నా, ఈయనది ఏ అంతస్తు?" అన్నా. చర్చిలో తుమ్మినవాణ్ణి చూసినట్టు చూశాడు. అయిపోయాక కోట్లు తగిలించే చోట ఉండే ఆవిడ "బాగుందా?" అనడిగితే తలూపాడు. ఇంటిదాకా నడిచాం. ఒక్క ముక్క లేదు.

"ఏమన్నా, ఒంట్లో బాలేదా?" అన్నా.

"విన్నాం కదరా, ఇంకా మాటలెందుకు?" అన్నాడు.

వీడికి మెట్లుంటే గానీ నోరు లేవదని తేల్చుకున్నా.

హోలుబ్ గారికి మాత్రం ఒళ్ళు మండిపోయేది. మాకు లారీ తోలేది ఆయనే. మేం పైనుంటే ఆయన కింద హారను మీద చెయ్యి తీసేవాడు కాదు. ఒకరోజు జడ్జిగారమ్మ ఇంటికి పియానో ఎక్కిస్తున్నాం. భర్త జడ్జిగారు పోయి చాలా కాలమైనా ఆవిణ్ణి ఆ వాడంతా జడ్జిగారమ్మనే పిలుస్తుంది. రెండో అంతస్తు మలుపులో ఆగాం, జడ్జిగారమ్మ పై మెట్ల మీంచి చూస్తోంది. నా మోకాలు ఆ రోజు మరీ మొండికేసింది. కుబెష్ టోపీ తీశాడో లేదో, మెట్ల మీద బూట్ల చప్పుడు. హోలుబ్ గారు! చేతిలో గడియారం.

"ఏం కుబెష్, ఇక్కడ గుడ్లు పెడుతున్నావా?"

"శూబర్ట్ వచ్చాడండీ."

"ఎవడూ రాలేదు. నాకు తెలుసు, మీ ఇద్దర్లో ఎవడికో కాళ్ళు పోయాయి. అందుకే మలుపు మలుపుకీ ఈ నాటకం. ఎవడో ఇప్పుడే తేలాలి."

కాలు కదపబోయా, కదల్లేదు. కుబెష్ ఏం చేశాడో తెలుసా? టోపీ నా చేతికిచ్చి, మూడో అంతస్తు దాకా పరిగెత్తి, అక్కణ్ణుంచి జడ్జిగారమ్మకి చెయ్యూపి, మళ్ళీ కిందకి పరిగెత్తుకొచ్చాడు.

"కాళ్ళు బానే ఉన్నాయండీ. నా జబ్బు నోరు."

"మరి వీడు? వీడూ ఎక్కి చూపించాలి!"

"వాడు కదలకూడదు. వాడు నా శ్రోత. మధ్యలో లేచిపోతే శూబర్ట్‌కి అవమానం కాదూ? మీరూ నిలబడండి, మీ ఊరివాడే." హోలుబ్ గారు నోరు తెరిచేలోపు అందుకున్నాడు. "ఇక్కడే పుట్టాడు, ఇక్కడే పోయాడు, ముప్పై ఒక్కేళ్ళకి. పొట్టివాడు, లావు, కళ్ళజోడు. స్నేహితులు పుట్టగొడుగని పిలిచేవాళ్ళు. ఇవాళ వీళ్ళ గదిలో, రేపు వాళ్ళ గదిలో పడుకునేవాడు. అలాంటివాడి పాటలో ఏడుపుండాలి కదా? ఉంటుంది. కానీ మనిషి నడుస్తూనే ఉంటాడు. మబ్బు పట్టిన చోట ఒక్క స్వరం కదుపుతాడు, ఎండొస్తుంది. మీరు ఎండలో హాయిగా ఉంటారు, ఇంకొక్కటి కదుపుతాడు, మీకు పోయినవాళ్ళు గుర్తొస్తారు. ఆయన రాసినవి ఎన్నో ఆయన పోయేనాటికి పెట్టెల్లోనే ఉన్నాయి, వినలేదెవరూ. నేను పియానో ఎత్తినప్పుడల్లా అనుకుంటా, లోపల ఆయన నిద్రపోతున్నాడని. నిద్రపోయేవాణ్ణి ఎత్తుకుని పరిగెత్తమంటారా హోలుబ్ గారూ?"

జడ్జిగారమ్మ రుమాలు తీసింది. హోలుబ్ గారు గడియారం జేబులో పెట్టాడు.

"ఇంకెంతసేపు?" అన్నాడు, మెల్లిగా.

"శూబర్ట్ మొదలెడితే తొందరగా ముగించడండీ."

హోలుబ్ గారు దిగిపోయాడు. ఆ రోజుకి హారను మోగలేదు. నా కాలు నాదయ్యింది.

ఆ తర్వాత ఒక సోమవారం కుబెష్ రాలేదు. మూడేళ్ళు నా ఎదురుగా పియానో పట్టుకున్న మనిషి! జబ్బేమోనని హోలుబ్ గారిని అడిగా.

"పింఛను తీసుకున్నాడు. చెల్లెలి ఊరు వెళ్ళిపోయాడు, క్రెమ్స్ దగ్గర ద్రాక్షతోట."

"నాకు చెప్పలేదే! మీకేమన్నా చెప్పాడా?"

"సంతకం పెట్టాడు, టోపీ పెట్టుకున్నాడు, పోయాడు. అంతే." తర్వాత బల్ల మీద వేళ్ళతో కొడుతూ, "నువ్వీ రోజు గుస్తీతో వెళ్ళు" అన్నాడు.

గుస్తీ గ్రాండ్ పియానోల జట్టులోవాడు, అంటే అడ్డంగా పరిచినట్టుండే పెద్ద పియానోలు. గ్రాండ్ జట్టువాళ్ళు మాలాంటి నిలువు పియానోలవాళ్ళని పలకరించరు, గుర్రబ్బండివాళ్ళు చెత్తబండివాళ్ళని పలకరించనట్టు. పళ్ళ డాక్టరుగారమ్మ ఇంటికెళ్ళాం. మొదటి మలుపు వచ్చేసరికి మోకాలు టక్కుమంది. అలవాటు కొద్దీ ఆగా.

"ఏం, ఎందుకాగావు?" అన్నాడు గుస్తీ.

"ఇక్కడ మెండెల్సోన్ కదా. కుబెషన్న ఇక్కడ ఆగేవాడు."

"కుబెషా? ఆగడమా? నువ్వు రాకముందు ఆయనతో నేను తొమ్మిదేళ్ళు మోశానయ్యా. కింద ఎత్తితే చూరు కింద దించేవాడు. ఒక్క ఊపు! మధ్యలో ఊపిరి కూడా పీల్చనిచ్చేవాడు కాదు."

"మరి ఉపన్యాసాలు?"

"ఏం ఉపన్యాసాలు? 'ఎత్తు', 'దించు', ఈ రెండు మాటలే నేను విన్నది. మీ జట్టులో కుబెష్ సంగీతం గురించి తెగ మాట్లాడతాడని ఎవరో అంటే ఇంకో కుబెష్ అనుకున్నా."

నేను పియానో మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయా. కచేరీలో కమ్మీ పట్టుకుని నోరు కుట్టేసుకున్న మనిషి. ఎవరికీ చెప్పకుండా లోపల దాచుకున్నవన్నీ తీసి, మూడేళ్ళపాటు ఇంటింటి మెట్ల మీదా గుమ్మరించాడు. నా మోకాలు సర్దుకునేదాకా గుమ్మరించి, సర్దుకోగానే టోపీ పెట్టుకున్నాడు. ఒక్కసారైనా నా కాలు వైపు చూడలేదు దొంగ మొహంవాడు!

"ఏంటి, ఏడుస్తున్నావా?" అన్నాడు గుస్తీ.

"చెమట."

ఇంకెంతసేపు ఆగగలను? గుస్తీ పట్టీ బిగిస్తున్నాడు. కాలింకా నాది కాలేదు. ఇక్కడితో నా పియానోల పని సరి, హోలుబ్ గారు నన్నూ చేపల దగ్గరికి పంపుతాడనుకున్నా. అంతలో పైనుంచి డాక్టరుగారమ్మ తొంగి చూసింది.

"మీలో వెన్జెల్ ఎవరు?"

"నేనేనండీ."

"మొదలెట్టరేం మరి? మా వదిన జడ్జిగారమ్మ ఈ పని మీ కంపెనీకే ఇవ్వమంది, ఉపన్యాసం కోసం. ఆ పెద్దాయన చెప్పాడటగా ఆవిడకి, 'నేను వెళ్ళిపోతున్నా, ఇకమీదట వెన్జెల్‌ని అడగండి, నాకంటే బాగా చెప్తాడు' అని. హోలుబ్ గారు కూడా ఫోనులో తప్పకుండా ఉంటుందన్నారు. మా పక్కింటివాళ్ళు కూడా వస్తున్నారు, ఒక్క నిమిషం ఆగండి."

పక్కింటివాళ్ళు వచ్చారు. కుర్చీ కూడా తెచ్చుకున్నారు. గుస్తీ నోరు తెరిచి నా వైపు చూస్తున్నాడు. నేను టోపీ తీశా. చంకలో పెట్టుకున్నా. గొంతు సవరించుకున్నా.

"అమ్మగారూ, షూమన్ అని ఒకాయన ఉండేవాడు."

మెండెల్సోన్ అంతస్తులో షూమన్‌ని ఎందుకు ఎక్కించానో నాకే తెలీదు. నోటికి ఆయనే వచ్చాడు. ఇప్పుడు ఉపన్యాసం నాది కదా, అంతస్తులూ నా ఇష్టం. "ఆయన ఒక పిల్లని ప్రేమించాడు. పియానో వాయించడంలో ఆ పిల్లని మించినవాళ్ళు తక్కువ. వాళ్ళ నాన్న ఇవ్వనన్నాడు. మనమైతే ఏం చేస్తాం? ఏడుస్తాం, తాగుతాం. ఆయన కోర్టుకెళ్ళాడు. కోర్టుకెళ్ళి కూడా పాటలు కట్టడం మానలేదండీ. ఆ పాటలు వింటే, తలుపు అవతల మనకోసం ఎవరో నిలబడి ఉన్నట్టుంటుంది..."

చెప్తూ చెప్తూ ఉండగా మోకాలు సర్దుకుంది. ఇంక ఎత్తొచ్చు. పట్టీ అందుకుంటూ గుస్తీ వైపు చూశా. మూడేళ్ళుగా చక్రాల బండి మీద గ్రాండ్‌లు తోసి అలవాటైనవాడు, గోడకి వీపు ఆనించి, ఎవరూ చూడట్లేదనుకుని, నోటితో ఊపిరి పీలుస్తున్నాడు. మొహం ఎర్రబడిపోయింది.

పట్టీ వదిలేశా.

"అమ్మగారూ, కోర్టులో ఏం జరిగిందో చెప్పలేదు కదా" అన్నా. గుస్తీ ఊపిరి అందుకునేదాకా షూమన్‌ని మామగారి ఎదురుగా బోనులోనే నిలబెట్టా.